గోంగూర కట్ట గురించి రాయి

పశ్చిమ మాంబళం, చెన్నై

అమ్మాయీ, ఆశీస్సులు.

బ్లాగు మొదలుపెట్టాలనుంది, సరదాకి రాయనా, డబ్బుకి రాయనా బాబాయ్ అని అడిగావు. డబ్బు సంగతి చివర్లో చెప్తాను. అదెలాగూ ఆలస్యంగానే వస్తుంది.

నువ్వు పంపిన మూడూ చదివాను. పెసరట్టు, పులిహోర, గుత్తివంకాయ. తప్పుల్లేవు. కానీ అవే కొలతలు, అవే మాటలు నెట్‌లో ఎంతమంది రాయలేదు? మొన్న ఫోన్‌లో చెప్పావే, అది చాలా బాగుంది. వేళచ్చేరిలో కూరల బండి దగ్గర గోంగూర, గోంగూర అని పావుగంట తంటాలు పడితే, పక్కనున్నామె "పులిచ్చకీరైయా?" అనేదాకా కట్ట చేతికి రాలేదన్నావు. అది రాయమ్మా! ఈ ఊరికి ఉద్యోగానికొచ్చిన తెలుగువాళ్లందరిదీ అదే అవస్థ. మెంతికూర వెందయకీరై, మునగాకు మురుంగైకీరై, కందిపప్పు తువరంపరుప్పు. దోసకాయ దొరకని రోజు పప్పులో ఏం వేసి సరిపెట్టుకున్నావో అదీ రాయి. కొత్తగా గది తీసుకున్న కుర్రాడు బండి ముందు నిలబడి ఫోన్‌లో వెతికేది ఇవే. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి పేజీ చిరునామాలో ఆ స్పెల్లింగ్ పెట్టు. లోపల మాత్రం శుభ్రంగా తెలుగులో రాయి.

మా రోజుల్లో పత్రికకి కథ పంపితే, తిరుగు స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసేవాళ్లం. ఆర్నెల్లకి ఆ కవరే ఇంటికొచ్చేది. సంపాదకుణ్ణి తిట్టుకుంటూ కథ తీసి చదివితే, సగం చోట్ల నాకే సిగ్గేసేది. మీకా గడువు లేదు, బటన్ నొక్కితే అచ్చయిపోతుంది. అందుకని ఒక్క రాత్రి పక్కన పెట్టి, పొద్దున పైకి చదువుకుని అప్పుడు వెయ్యి. ఆఫీసు మెయిల్ లాంటి వాక్యాలు చెవికి ఇట్టే దొరికిపోతాయి. (నీ పులిహోరలో నాలుగున్నాయి.)

ఇంకోటి నా చేతులు కాలాక తెలిసింది. ఒక ఉచిత సర్వీసులో ఐదేళ్లు రాశాను. వాళ్లు దుకాణం కట్టేశారు. ముందే మెయిల్ పంపారట, నేను చూసుకోలేదు. ఎనభై దాకా వ్యాసాలు గాల్లో కలిసిపోయాయి. బ్లాగర్‌లో రాసినా, వర్డ్‌ప్రెస్‌లో రాసినా అంతా ఒకేసారి దించుకునే వీలుంది. నెలకోసారి దించి దాచుకో. సొంత డొమైన్ (నీ పేరుతో కొనుక్కునే వెబ్ చిరునామా) ఇప్పుడే వద్దు, ఆర్నెల్లు ఆపకుండా రాశాక కొనుక్కుందువుగాని.

ఇక డబ్బు. బ్లాగులో ప్రకటనలు వేసి మనకింత వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకి 2018లో వచ్చింది. ఖాతాలో 10 డాలర్లు చేరితే పిన్ నంబరున్న ఉత్తరం పోస్టులో ఇంటికి పంపుతారు. 100 డాలర్లు నిండితేగానీ బ్యాంకులో పడదు. నాకు ఆ మొదటి పదికే రెండేళ్లు పట్టింది. ఆ కవరు చూసి మీ పిన్ని డబ్బే వచ్చిందనుకుని ఆనందపడింది, పాపం. నీ పేజీలో ప్రకటనలు నువ్వు నొక్కకు, స్నేహితులతో నొక్కించకు, ఖాతా మూసేస్తారు. నాకు చెప్పుకోదగ్గ డబ్బు వచ్చింది ప్రకటనల వల్ల కాదు. నా రాతలు చదివిన ఒకాయన అనువాదం పని ఇచ్చాడు, దాని వెనకే ఇంకో రెండు వచ్చాయి. నీకూ అలాంటి దారే దొరకొచ్చు. ఈలోగా ఆఫీసువాళ్లిచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్‌లో బయటి సంపాదన గురించి ఏముందో చదువుకో. ఎంత కొంచెం వచ్చినా ఐటీ రిటర్న్‌లో చూపించు, తర్వాత టెన్షన్ ఉండదు.

ఆదివారం భోజనానికొచ్చేటప్పుడు ఆ గోంగూర ముక్క రాసి పట్టుకురా. నీకు దొరికింది ఎర్ర గోంగూరా, తెల్లదా అన్నది మరిచిపోకు. మీ పిన్ని మొట్టమొదట అడిగేది అదే.

బాబాయ్