రీస్టార్ట్ నొక్కకు అల్లుడూ

పటమట, విజయవాడ

చిరంజీవి కిరణ్‌కు,

మావయ్య ఆశీస్సులు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా కంప్యూటర్లో విమానాల సిమ్యులేటర్ ఆటలో స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం) నడిపావు, గుర్తుందా? వెనకనుంచి ఒక్క తూటా రెక్క కింద రేడియేటర్‌కి తగిలింది. తెల్లటి ఆవిరి తోకలా సాగింది. "అయిపోయింది మావయ్యా" అంటూ వెంటనే రీస్టార్ట్ నొక్కేశావు. ఇంటినిండా చుట్టాలు, అప్పుడేమీ చెప్పలేకపోయాను. గుంటూరు హాస్టల్‌కి జాయ్‌స్టిక్ కూడా తెప్పించుకున్నావని అక్కయ్య చెప్పింది, అందుకే కూర్చుని రాస్తున్నా.

స్పిట్‌ఫైర్‌లో ఉండేది మెర్లిన్ ఇంజన్. గ్లైకాల్ కలిపిన నీళ్లతో చల్లబడుతుంది. చిల్లు పడితే కొద్ది నిమిషాల్లో కూలెంట్ అంతా కారిపోయి ఇంజన్ పట్టేస్తుంది. ఆ కొద్ది నిమిషాలు నీ చేతిలో ఉన్నాయి కదా! ముందు ఉన్న వేగాన్నంతా ఎత్తుగా మార్చుకో, ముక్కు మనవాళ్ల నేలవైపు తిప్పు. ఆ తర్వాత థ్రాటిల్ తగ్గించి రేడియేటర్ ఫ్లాప్ తెరువు. ఎత్తు ఉంటే ఇంజన్ ఆగినా ఏదో ఒక పొలంలోకి జారుకుంటూ దిగొచ్చు.

అదే కాలపు అమెరికా యుద్ధవిమానం పీ-47లో ఈ బెడద లేదు. దానిది గాలితో చల్లబడే 18 సిలిండర్ల ఇంజన్. సిలిండర్లు పగిలిపోయినా ఇల్లు చేరినవి ఉన్నాయి. తొలి రోజుల జపాన్ యుద్ధవిమానం జీరోకి పెట్రోలు ట్యాంకుల్లో చిల్లు తనంతట తాను పూడుకునే రబ్బరు పొర ఉండేది కాదు, అందుకే అంత తేలిగ్గా అంటుకునేది. ఒకే తూటా ఈ మూడింటినీ మూడు రకాలుగా దెబ్బతీయాలి. అలా కాకుండా ప్రతి విమానానికీ వంద మార్కులిచ్చి, తగిలిన ప్రతి తూటాకీ కొన్ని కోసేసే ఆట అయితే దాని మీద నీ సమయం పెట్టకు. తోక దగ్గర రేకులోంచి దూసుకుపోయిన తూటాతో ఒక్కోసారి ఏమీ కాదు. నాలుగంగుళాలు పక్కన కంట్రోల్ కేబుల్ తెగితే కథ ముగిసినట్టే.

సిమ్యులేటర్ మంచిదో కాదో తేల్చడానికి నేను మీటర్లు చూస్తాను. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు హైడ్రాలిక్ పైపులతోనే, అంటే నూనె ఒత్తిడితో విమానం భాగాలను కదిపే గొట్టాలతోనే బతికాను. ఒకసారి దిగిన విమానం కింద ఎర్రటి నూనె మడుగు కట్టింది, జాయింట్ దగ్గర సన్నటి పగులు. పైలట్‌ని అడిగితే "ప్రెషర్ చివరిదాకా సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ట్యాంకులో నూనె ఉన్నంతసేపూ పంపు ఒత్తిడిని నిలబెడుతూనే ఉంటుంది. నూనె అయిపోయి పంపు గాలి పీల్చిన క్షణంలో ముల్లు ఒక్కసారిగా పడిపోతుంది. తర్వాత ఆటోనగర్‌లో లారీ పంపులు బాగుచేసినప్పుడూ ఇలాంటిదే చూశాను. రేడియేటర్లో నీళ్లు పూర్తిగా పోయాక సెన్సర్‌కి నీళ్లు తగలక టెంపరేచర్ ముల్లు కిందికి దిగిపోయేది, డ్రైవర్ సంబరపడి ఇంకో పది కిలోమీటర్లు తోలేవాడు. నీ ఆటలో దెబ్బ తగలగానే ప్రెషర్ ముల్లు నెమ్మదిగా, సమానంగా దిగుతూ వస్తే అది రాసినవాళ్లు పంపు విప్పి చూడలేదని నా అభిప్రాయం.

ఇంకొకటి నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మెర్లిన్‌కి పూర్తి పోరాట శక్తి 5 నిమిషాలకు మించి వాడొద్దని నియమం. ఇంజన్ ఆయుష్షు కోసం పెట్టిన హద్దు అది. ఆరో నిమిషం రాగానే ఇంజన్ పేలిపోయేలా పెట్టిన ఆటలున్నాయి. ఇంజన్‌ను చంపేది వేడి, చమురు లేకపోవడం, అతివేగం. గడియారం ఎప్పుడూ చంపదు.

సాధన ఇలా చెయ్యి. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో మిషన్ తయారుచేసుకునే ఎడిటర్‌లో ఫెయిల్యూర్స్ పేజీ ఉంది. ఏది, ఎంతసేపటి తర్వాత, ఎన్ని నిమిషాల లోపల, ఎంత శాతం అవకాశంతో చెడాలో అక్కడ పెట్టుకోవచ్చు. ముందు అమెరికా దాడి విమానం ఏ-10తో మొదలుపెట్టు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ మీద అమెరికా పైలట్ కిమ్ క్యాంప్‌బెల్ నడిపిన ఏ-10కి దెబ్బ తగిలి రెండు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. ఆమె మాన్యువల్ రివర్షన్‌కి, అంటే హైడ్రాలిక్స్ లేకుండా చేత్తో నడిపే పద్ధతికి మార్చి, కేబుళ్లూ కడ్డీల బలంతోనే స్థావరం చేరి దించింది. ఆ స్విచ్ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ఎఫ్-16లో అలాంటి దారి లేదు. అక్కడ స్టిక్ నుంచి రెక్కకు వెళ్లేది కరెంటు తీగలే. రెక్కను కదిపే హైడ్రాలిక్స్ మొత్తం పోతే ఎజెక్ట్ కావడమే, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగడమే.

దిగే ముందు ఒక్క పని మరిచిపోకు. ఎత్తులో ఉండగానే కొంచెం కొంచెంగా వేగం తగ్గించి చూడు. ఏ వేగం దగ్గర విమానం ఒక పక్కకి దొర్లడం మొదలైందో గుర్తుపెట్టుకుని, దానికంటే బాగా ఎక్కువ వేగంతో దించు. 1983లో ఇజ్రాయెల్ ఎఫ్-15 ఒకటి శిక్షణలో మరో విమానానికి గుద్దుకుని కుడిరెక్క దాదాపు మొత్తం పోగొట్టుకుంది. దాని పైలట్ మామూలుకి రెట్టింపు వేగంతో రన్‌వే మీదికి తెచ్చాడు. నెమ్మదించి ఉంటే అక్కడే దొర్లిపోయేది. చక్రాలూ ఫ్లాప్‌లూ తొందరపడి దించకు, మిగిలిన హైడ్రాలిక్ ఒత్తిడి వాటికి ఒక్కసారికే సరిపోవచ్చు.

శనివారం కాలేజీ అయ్యాక బస్సెక్కి వచ్చెయ్. నీకోసం ఒక మిషన్ కట్టిపెట్టాను. ఏ పైపు ఎప్పుడు తెగుతుందో చెప్పను. అత్తయ్య గోంగూర పచ్చడి చేస్తానంది, నువ్వు విమానం దించాకే భోజనాలు.

ఆశీస్సులతో,
మావయ్య