చార్‌మాండర్‌ను వదులుకోనవసరం లేదు

రాయగడ మిత్రులకు నమస్కారం. పోకెమాన్ ఫైర్‌రెడ్ వీడియో గేమ్‌లో నిప్పు జాతి చార్‌మాండర్‌తో మొదలుపెట్టిన మీ మేనల్లుడు మొదటి జిమ్ నాయకుడు బ్రాక్ చేతిలో పదే పదే ఓడిపోతున్నాడని, నీటి జాతి స్క్విర్టిల్‌తో ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడించాలా అని అడిగారు. అవసరం లేదండి.

బ్రాక్ దగ్గరున్న జియోడూడ్ 12వ లెవెల్‌లో, ఓనిక్స్ 14వ లెవెల్‌లో ఉంటాయి. రెండూ రాతి, నేల జాతులకు చెందినవి కాబట్టి నిప్పు దాడి వాటి మీద సగమే పనిచేస్తుంది. అయితే ఈ ఆటలో చార్‌మాండర్ 13వ లెవెల్‌కు చేరగానే మెటల్ క్లా నేర్చుకుంటుంది, ఆ ఉక్కు దాడి రాతి జాతి మీద రెట్టింపు దెబ్బ తీస్తుంది. విరిడియన్ నగరానికి పడమరనున్న 22వ రూట్‌లో దొరికే పోరాట జాతి పోకెమాన్ మాంకీని తోడు తీసుకుంటే పోరు మరింత తేలికవుతుంది.

నాకు మాత్రం ఈ ఆట మొదట్లో ఎంచుకోగల మూడోదైన గడ్డి జాతి బల్బసార్ మీదే మక్కువ, ఎందుకంటే ప్రత్యర్థి శక్తిని ప్రతి వంతుకూ కొంత లాగి మనకిచ్చే దాని లీచ్ సీడ్ దాడి ఓపికగా ఆడేవారికి గొప్ప అండ. రూబీ, సఫైర్ అనే మరో రెండు పోకెమాన్ ఆటలలో నీటి జాతి మడ్‌కిప్‌నే ఎంచుకుంటాను. అది 16వ లెవెల్‌లో నీటి, నేల జాతుల మార్ష్‌టాంప్‌గా మారాక విద్యుత్ దాడులు దానికి అసలు తగలవు. అయినా, మా పర్లాకిమిడి పిల్లల్లాగే మీవాడూ అది చివరికి మారే చారిజార్డ్ కోసమే చార్‌మాండర్‌ను కోరుకుని ఉంటే, దాన్ని మార్చమనడం న్యాయం కాదని గట్టిగా నమ్ముతాను.

తరువాత వచ్చే జిమ్ నాయకురాలు మిస్టీ పోకెమాన్‌లు నీటి జాతివి, వాటి మీద విద్యుత్ దాడి బాగా పనిచేస్తుంది కనుక, విరిడియన్ అడవిలో అరుదుగా కనిపించే విద్యుత్ జాతి పికాచూను ఇప్పుడే పట్టుకోమనండి.