జీతంలో సగం దాచుకోబోతున్న చిన్నికి

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి నీ ప్లాను చెప్పింది. నువ్వు తనకి పంపిన ఎక్సెల్ షీటు నాకూ పంపింది. జీతంలో సగం దాచి, పదిహేడేళ్లకల్లా ఉద్యోగం అక్కర్లేని స్థితికి చేరాలని కదూ? మన పిల్లల్లో ఇంత దూరం లెక్క వేసుకున్నది ఇంకెవరూ లేరు. చూసి మురిసిపోయాను. రాత్రి మళ్లీ తెరిచి చూస్తే దిగులేసింది. అన్ని వరుసలున్నాయి కానీ, ఒక్క వరుసలోనూ మనిషి పేరు లేదు.

ముందు లెక్క సంగతి. అది సరిగానే ఉంది. ధరల పెరుగుదల పోను ఏటా 5 శాతం రాబడి, ఏడాది ఖర్చుకి 25 రెట్లు లక్ష్యం అనుకుంటే, సగం దాచేవాళ్లకి సుమారు 17 ఏళ్లు పడుతుంది. పావు వంతు దాచేవాళ్లకి 32, పదో వంతు దాచేవాళ్లకి 51. కానీ ఆ 25 రెట్లు ఎక్కడిదో చూశావా? 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు అక్కడి పాత మార్కెట్ లెక్కలు తిరగేసి, మొదటి ఏడాది దాచిన మొత్తంలో 4 శాతం, అంటే ఇరవై అయిదో వంతు, తీసి, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే సొమ్ము కనీసం 30 ఏళ్లు నిలబడుతుందని చూపించాడు. అది వయసయ్యాక రిటైరయ్యేవాళ్ల లెక్క. నువ్వు నలభైల్లోనే మానేస్తానంటున్నావు. కాబట్టి 30 రెట్లు పెట్టుకో. అప్పుడు 17 ఏళ్లు 19 అవుతాయి.

మిగతావి నీకు తెలిసినవే. ఆర్నెల్ల ఖర్చు విడిగా ఉంచడం, ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చడం, ఆరోగ్య బీమా, నీ మీద ఆధారపడ్డవాళ్లుంటే టర్మ్ బీమా, ప్రతి ఖాతాకీ నామినీ. వీటి కోసమైతే ఉత్తరం రాయక్కర్లేదు.

అల్లుడు ఒప్పుకున్నాడని ఒక గడిలో రాసుకున్నావు. ఒప్పుకోవడం ఒక రోజు పని, భరించడం పందొమ్మిదేళ్ల పని. ఇంట్లో ఒకరు దాచే మనిషి, ఇంకొకరు కట్టడిలో ఉండే మనిషి అయిపోతే, ఏ చిన్న వస్తువు కొన్నా రెండో మనిషి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్లకి చెప్పడం మానేసి దాచిపెట్టడం మొదలవుతుంది. సంసారాన్ని తినేసేది ఖర్చు కాదు, ఆ దాపరికం. అందుకని ఇద్దరికీ చెరికొంత సొమ్ము, ఎవరూ అడగకూడనిది, విడిగా పెట్టండి. జీతాల్లో తేడా ఉన్నా ఆ మొత్తం ఇద్దరికీ సమానంగా ఉండాలి. అంతకు మించిన పెద్ద ఖర్చుకి ఒక హద్దు పెట్టుకోండి, నెల రాబడిలో 5 శాతం అనుకో. అది దాటితే ఇద్దరూ మాట్లాడుకున్నాకే. నెలకొకసారి అరగంట కూర్చోండి. కూర్చున్నప్పుడు అంకెలతో మొదలుపెట్టకు. ఈ నెల దేనికి మనసు చంపుకున్నావని ముందు అడుగు, అంకెలు తర్వాత.

అతనికి మరీ ఊపిరాడని ఏడాది ఒకటి వస్తుంది, నీకూ వస్తుంది. ఆ ఏడాది సగానికి బదులు 40 శాతం దాచండి. మొత్తం ప్లాను మీద ఎంత తేడా పడుతుందో వేసి చూశాను. అది మొదటి ఏడాదే అయినా, గమ్యం జరిగేది రెండు మూడు నెలలే. ఆ రెండు మూడు నెలల కోసం మనిషిని నలిపేయకు.

స్నేహితుల విషయంలో జరిగేది ఇంకా నెమ్మదిగా జరుగుతుంది, అందుకే కనపడదు. రమ్మన్నప్పుడు రాలేనంటావు. మూడోసారి కూడా రాలేనంటే నాలుగోసారి వాళ్లు పిలవరు. వాళ్లకి నీ మీద కోపం ఉండదు, నిన్ను ఇబ్బంది పెట్టకూడదని మంచితనంతోనే మానేస్తారు. కాబట్టి ఉత్త ‘రాలేను’ అనకు. ‘అది వద్దు, ఆదివారం పొద్దున మా ఇంటికి రండి’ అని అదే నోటితో అనేసెయ్. వాళ్ల కోసం నెలనెలా ఒక పద్దు కూడా రాసుకో. ఆ నెల ఖర్చు కాకపోతే అది మిగిలిందని సంతోషించకు, ఎవరిని కలవలేదో చూసుకో. నీ పొదుపు పద్ధతి మాత్రం ఎవరికీ బోధించకు. అడిగితే చెప్పు, అంతే.

మనుషులు తమకున్నది పక్కవాళ్లకున్నదానితో కొలుచుకుంటారు. 1998లో అచ్చయిన ఒక సర్వేలో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొంతమందిని అడిగారు: నీ రాబడి ఇంత, చుట్టుపక్కలవాళ్లది అందులో సగం, లేదా నీ రాబడి దానికి రెట్టింపు, కానీ మిగతావాళ్లది నీకు రెట్టింపు. ఏది కావాలి? దాదాపు సగం మంది తక్కువ రాబడినే కోరుకున్నారు, పక్కవాళ్ల కన్నా పైన ఉంటే చాలన్నారు. ఇది చెడ్డతనమని నేననను, మన స్వభావమే అంత. నీ మేలు కోరేవాళ్లకి కూడా నీ ఎదుగుదల ఎక్కడో కొంచెం గుచ్చుకుంటుంది. ఆ సంగతి ముందే తెలిస్తే, వాళ్ల మాటలో ఎత్తిపొడుపు వినిపించిన రోజు బంధం తెంచుకోవు. నీ మొత్తం ఎంతో మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. తమ్ముడు వ్యాపారం పెడుతున్నాడనీ, బ్యాంకు లోనుకి నిన్ను హామీ సంతకం అడిగాడనీ, కొంత చేబదులు కూడా అడిగాడనీ మీ అమ్మ మాటల్లో మాటగా అనేసింది. నువ్వు చిన్నప్పటి నుంచీ మొహమాటస్తురాలివి. నీ బొమ్మ ఎవరైనా అడిగితే కాదనలేక ఇచ్చేసి, తలుపు వెనక నిలబడి ఏడ్చేదానివి. డబ్బు దాచేవాళ్లు అందరూ చేసే అతి పాత తప్పు ఒకటుంది, ఎన్ని తరాలు మారినా అదే తప్పు: ఇచ్చేటప్పుడు ఇది అప్పా, ఊరికే ఇవ్వడమా అన్నది నోటితో చెప్పకపోవడం.

అది ఎలా చెడుతుందో మెట్టు మెట్టుగా చెబుతాను, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఇదే వరుస. ‘నీ దగ్గరే ఉంటాయిగా, వీలైనప్పుడు ఇస్తాను’ అంటాడు. ‘సరేలే’ అంటావు. ఆ ‘వీలైనప్పుడు’ నీ లెక్కలో ఆర్నెల్లు, వాడి లెక్కలో వ్యాపారం నిలదొక్కుకున్నాక. ఆర్నెల్లు దాటాక నువ్వు మర్యాదకి అడగవు. నీ మౌనాన్ని వాడు ‘అక్కకి తొందరేం లేదు’ అనుకుంటాడు. ఏడాదికి నీ మనసులో మాట మొదలవుతుంది. వాడు పిల్లాడికి కొత్త సైకిలు కొని ఫోటో పెడతాడు. నువ్వు ‘చాలా బాగుందిరా’ అని టైపు చేసి, చెరిపేసి, మళ్లీ టైపు చేసి, చివరికి ఏమీ పంపకుండా ఫోను పక్కన పెడతావు. నీ పలకరింపు రాలేదని వాడికి తెలుస్తుంది. అక్క సైకిలు ఖరీదు లెక్కేసిందని కూడా తెలుస్తుంది. ఆ రోజు నుంచి నీ ముందు ఏం కొన్నా దొంగలా ఉంటుంది వాడికి.

తర్వాత జరిగేది మనం అనుకునేదానికి తలకిందులు. ముందుగా ముఖం చాటేసేది ఇచ్చినవాళ్లు కాదు, తీసుకున్నవాళ్లు. సిగ్గు వల్ల. ఫోన్లు తగ్గుతాయి, నువ్వు వస్తున్నావంటే వాడికి ఆ రోజు పని పడుతుంది. సిగ్గుని ఎక్కువ కాలం మోయడం ఎవరి వల్లా కాదు, కాబట్టి అది మెల్లగా కోపంగా మారుతుంది. ‘అంత ఉండి కూడా లెక్కలు చూస్తుంది’ అంటాడు. వాడు చెడ్డవాడై అనడు. అలా అనుకుంటే తప్ప వాడికి నిద్ర పట్టదు. అప్పటికి డబ్బు ఊసు ఎవరూ ఎత్తరు, మీ అమ్మ ఇద్దరి మధ్య మాటలు మోస్తూ ఉంటుంది.

కాబట్టి ఎవరు అడిగినా అక్కడికక్కడే జవాబు చెప్పకు. ‘రెండు రోజులు టైమివ్వు’ అను. ఆ రెండు రోజుల్లో అల్లుడికి చెప్పు. ఇంట్లో తెలియకుండా ఇచ్చింది రెండు చోట్ల చెడుతుంది. ఎందుకు కావాలో, ఇంకెక్కడ ఎంత అప్పు ఉందో వాణ్ణే అడుగు. అడగడం అనుమానించడం కాదు. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకో: ఈ డబ్బు తిరిగి రాకపోతే వాణ్ణి ఎప్పటిలాగే చూడగలనా? ఎంత మొత్తానికి ‘చూడగలను’ అని మనసు గట్టిగా చెబుతుందో అంత మాత్రమే ఇవ్వు. అడిగిన దాంట్లో నాలుగో వంతే అయినా సరే. ‘ఇది అప్పు కాదురా, తిరిగివ్వక్కర్లేదు, ఇంతకు మించి నా వల్ల కాదు’ అని నోరు తెరిచి చెప్పు.

అప్పుగానే ఇవ్వాల్సి వస్తే కాగితం మీద రాసుకోండి. ఎంత, ఏ తేదీ నుంచి, నెలకెంత వాయిదా, వడ్డీ ఉందా లేదా, ఒక వాయిదా తప్పితే ఎన్ని రోజుల్లో మాట్లాడుకోవాలి, ఇద్దరిలో ఎవరికైనా ఏదైనా అయితే మిగిలినది ఏమవుతుంది. సంతకాలు రెండు, కాపీలు రెండు. చిన్న వాయిదాలు పెట్టు, నెలనెలా వచ్చేలా. ఏడాదికోసారి పెద్ద మొత్తం అన్నది ఎక్కువగా ఆగిపోతుంది. మొదటి వాయిదా తప్పిన వారంలోనే అడిగెయ్, మెత్తగానే. వారం తర్వాత అడిగితే గుర్తు చేసినట్టుంటుంది, ఏడాది తర్వాత అడిగితే నిలదీసినట్టుంటుంది. చివరి వాయిదా వచ్చిన రోజు ‘పూర్తయింది’ అని రాసిచ్చి, మళ్లీ ఏనాడూ ఆ ఊసు ఎత్తకు, మాట మీద మాట పెరిగిన రోజున కూడా.

దీనికోసం ఏటా పొదుపులో 5 శాతం ఒక ఖాతాలో వేరుగా పెట్టుకో. అది ఇవ్వడానికే. అది అయిపోతే ‘ఈ ఏడాదికి అయిపోయింది’ అంటావు, అది అబద్ధం కాదు కాబట్టి నీ గొంతు తడబడదు.

దాచడం మొదలుపెట్టినవాళ్లకి లోపల జరిగేది కూడా రాస్తాను. రోజూ ఖాతా తెరిచి చూడకు. మార్కెట్ ఎంత పెరిగే కాలంలోనైనా, రోజులు లెక్కేస్తే సగానికి కాస్త తక్కువగా నష్టం రోజులే ఉంటాయి. వచ్చిన లాభం కన్నా అంతే పోయినది మనసుని రమారమి రెట్టింపు కుదుపుతుందని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. రోజూ చూసేవాళ్లు లాభంలో ఉండి కూడా దిగులుగానే బతుకుతారు. మూడు నెలలకోసారి చాలు.

ఇంకోటి, ‘చాలు’ అన్న అంకెని ఇవాళే రాసి తేదీ వేసి, ఇద్దరూ సంతకం పెట్టండి. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ అంకె ముందుకు జరుగుతుంది, ఇంకో రెండేళ్లు అనిపిస్తుంది. పందొమ్మిదేళ్లు చెయ్యి బిగించి పట్టుకున్నాక వదలడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అందుకని ఏటా ఒక ఖర్చు, మీకు నిజంగా ఇష్టమైనది, చేసి తీరాలని పెట్టుకోండి.

డబ్బుతో సుఖం రాదని నీకు చెప్పను, అది నిజం కాదు. ఒక స్థాయి దాటాక రోజువారీ సంతోషం పెరగదని అదే కానెమన్, ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్త కలిసి 2010లో రాశారు. మ్యాథ్యూ కిలింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు 2021లో అమెరికాలో ఉద్యోగాలు చేసే 33 వేల మందికి పైగా మనుషుల రోజువారీ జవాబులు చూసి, పెరుగుతూనే ఉంటుందన్నాడు. 2023లో కానెమన్, కిలింగ్స్‌వర్త్ ఇద్దరూ బార్బరా మెల్లర్స్ అనే ఇంకో పరిశోధకురాలిని కలుపుకుని మళ్లీ చూస్తే తేలింది ఇది: ఎక్కువమందికి పెరుగుతూనే ఉంటుంది, అందరికన్నా దుఃఖంలో ఉన్న అయిదో వంతు మందికి మాత్రం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. దగ్గరివాళ్లు పోవడం, మనసు విరగడం లాంటి బాధలు ఆ హద్దు దాటాక డబ్బుతో తగ్గవు. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోకపోవడం కూడా అలాంటి బాధే అని నా నమ్మకం.

హామీ సంతకం మాత్రం వద్దు. చేబదులు ఇస్తే పోయేది ఇచ్చినంతే. సంతకం పెడితే వాడి మొత్తం అప్పు, వడ్డీతో సహా, వాడు కట్టలేని రోజున నీది. చాలా చోట్ల బ్యాంకు ముందు వాడి ఆస్తి చూసుకుని తర్వాత నీ దగ్గరికి రావాలన్న నియమం కూడా లేదు. అది ఎప్పుడు మీద పడుతుందో నీ చేతిలో ఉండదు. రేపు నువ్వు నీ పేరు మీద ఇంటి లోనుకి వెళ్లినా బ్యాంకు ఆ సంతకాన్ని నీ బాధ్యతగానే చూస్తుంది. ఎంత ప్రేమ ఉన్నా ఇందులో మినహాయింపు లేదు తల్లీ.

వాడికి కాగితాలు శనివారం తీసుకెళ్లాలట. శుక్రవారం లోపే నువ్వే ఫోన్ చెయ్, మెసేజ్ పెట్టకు, అమ్మతో చెప్పించకు. ‘సంతకం పెట్టను, కానీ ఇంత ఇస్తాను, అది నీదే’ అని ఆ అంకె కూడా చెప్పు. ఆ అంకె ఎంతో అల్లుడితో కూర్చుని బుధవారానికే తేల్చుకోండి. వాడు అలిగితే అలగనీ. అలక మీదే ఉన్నా, ఆదివారం మళ్లీ ఫోన్ చెయ్, వ్యాపారం ఎంతవరకు వచ్చిందో అడుగు. చెప్పలేననిపిస్తే గురువారం సాయంత్రం నాకు చెయ్, ఎలా అనాలో ఇద్దరం అనుకుందాం.

మీ పెద్దమ్మ