ఇద్దరికీ ఒకే కషాయం వద్దు

నాలుగేళ్ల పాపకు జలుబు, డెబ్బై ఏళ్ల అత్తగారికి దీపావళి నుంచి దగ్గు, ఇద్దరికీ కలిపి ఒకే కషాయం కాచవచ్చా అని ఉత్తరంలో అడిగారు. వద్దమ్మా. మాది పాలకొండ దగ్గర పల్లె. ముగ్గురు పిల్లలతో, అత్తమామలతో ముప్పై చలికాలాలు గడిపినదాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను.

ముందు పాప సంగతి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిని చంపే ఆకూ లేదు, యాంటీబయాటిక్‌లూ వాటి మీద పనిచేయవు. వారం పది రోజుల్లో జలుబు దానంతటదే తగ్గుతుంది. ఆ వారం పిల్ల కాస్త తిని, హాయిగా నిద్రపోయేలా చూడటమే మన పని. శొంఠి, మిరియాలు దట్టించి పోస్తే పిల్లలు కక్కేస్తారు. నేను నాలుగు తులసి ఆకులు, ఒక వామాకు గ్లాసు నీళ్ళలో మరిగించి, గోరువెచ్చగా అయ్యాక తేనె కలిపి గుక్కగుక్కగా తాగించేదాన్ని. రాత్రి దగ్గుకైతే పడుకోబోయే ముందు చెంచాడు ఒట్టి తేనె చాలు. అది పనిచేస్తుందని వైద్య పరిశోధనల్లో కూడా తేలింది. ఇంట్లో ఏడాది నిండని పసిబిడ్డ ఉంటే మాత్రం నాలుకకు కూడా తేనె రాయకండి. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

పాపకు ఆవిరి పట్టవద్దు. మా పెద్దవాడికి ఐదేళ్లప్పుడు, సంక్రాంతి ముందు, వావిలాకు వేసి మరిగించిన గిన్నె ముందు కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. దగ్గు తెర వచ్చి కాలు విదిలించాడు. గిన్నె ఒరిగి మోకాలి నుంచి పాదం దాకా కాలిపోయింది. కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పోయాలని అప్పుడు తెలియదు, ఇంట్లో ఉన్న సిరా పూశాం. ఆ మచ్చ చూస్తే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది. కర్పూరం కలిపిన కొబ్బరినూనె జోలికి కూడా పోకండి. పొరపాటున కర్పూరం నోట్లోకి వెళితే పిల్లలకు ఫిట్స్ రావచ్చు.

పాప నిద్రలో ఉన్నప్పుడు నిండు నిమిషం పొట్ట కదలికను లెక్కపెట్టండి. ఆ వయసుకు నిమిషానికి నలభై, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద గుంట పడుతున్నా అది ఉత్త జలుబు కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక పెద్దావిడకు. రెండు గ్లాసుల నీళ్ళలో చిన్న శొంఠి ముక్క దంచి, ఆరు మిరియాలు, చెంచాడు ధనియాలు, గుప్పెడు తులసి వేసి ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించండి. కాస్త తాటి బెల్లం వేసి, అన్నం తిన్నాక సగం ఉదయం, సగం రాత్రి ఇవ్వండి. పరగడుపున ఇస్తే మంట పుడుతుంది. ఆమెకు బీపీ ఉందని రాశారు కనుక అతిమధురం వేయవద్దు, అది బీపీని పెంచుతుంది. పాలల్లోకి పసుపు కావాలంటే పొడి కొనకండి, నేనైతే సీతంపేట సంతలో కొమ్ములు కొని ఇంట్లోనే దంచుకుంటాను. రంగు కోసం పొడిలో సీసం ఉన్న రసాయనాన్ని కలిపే మోసం ఉంది. వేడివేడి చోడి (రాగి) అంబలి, మిరియాల చారు తాగినా మంచిదే.

మీది సోంపేట వైపు అంటున్నారు. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పాలా? పేరూ ఊరూ లేని చూర్ణాలు, దుకాణంలో అడిగి తెచ్చుకునే ఒళ్ళునొప్పుల మాత్రలు ఆమెకు దయచేసి ఇవ్వకండి.

అసలు మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టిన మాట "దీపావళి నుంచి". ఇప్పుడు ధనుర్మాసం. అంటే నెల దాటింది. మా మామగారికీ ఇలాగే దగ్గు పట్టింది. కళ్ళంలో నూర్పుల ధూళి వల్ల అనుకున్నాం. నెలన్నర పాటు అడ్డసరం ఆకు కషాయం కాచి పోశాను. ఆయనకు కాస్త ఉపశమనంగా ఉండేది, అందుకే ఇంకా ఆలస్యం చేశాం. చివరికి కఫం పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడి కోలుకున్నారు, కానీ ఆ నెలన్నరా మా చిన్నది ఆయన పక్కనే పడుకుంది.

రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు. మీ అత్తగారిది టీబీ కాకపోవచ్చు, కాకూడదనే కోరుకుంటున్నాను. కషాయం మానవద్దు, కానీ ఈ వారంలోనే ఆమెను తీసుకువెళ్ళండి. ఫలితం వచ్చేదాకా పాపను వేరే గదిలో పడుకోబెట్టండి.