బండి ఏ షెడ్డుకి ఇవ్వాలంటే

చిట్టికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న కారు గుద్దుకుందని ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. నీకేం కాలేదు, అది చాలు. మోకాలు బాగుంటే నేనే బెజవాడ వచ్చేవాణ్ణి. రాలేను కాబట్టి రాస్తున్నాను.

ఫొటోలు చూశాను. బంపర్, ఎడమ ఫెండర్ (ముందు చక్రం మీది రేకు), హెడ్‌లైట్ పోయాయి. వాటి గురించి టెన్షన్ పడకు. బానెట్ ఒక పక్క పైకి లేచింది చూశావా, నా అనుమానమంతా దాని మీదే. లోపల రేడియేటర్‌ని పట్టుకునే సపోర్ట్ వంగి ఉండొచ్చు, దాని వెనక ఛాసిస్, అంటే బండి అసలు చట్రం కూడా జరిగి ఉండొచ్చు. అందుకని బండి స్టార్ట్ చేయకు.

ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చెయ్యి. క్లెయిమ్ పెట్టేట్టయితే సర్వేయర్ చూడకుండా ఎవర్నీ బోల్టు విప్పనివ్వకు. పెట్టాలా వద్దా అనేది లెక్క వేసుకో. నీ బండికి నాలుగేళ్లు దాటాయి. జీరో డెప్ (పార్టులు పాతబడ్డాయని డబ్బు కోయకుండా ఇచ్చే పాలసీ) లేకపోతే ఇనుప పార్టుల్లో 35 శాతం, ప్లాస్టిక్‌లో సగం కోస్తారు. ఆపైన చిన్న కారుకి తప్పనిసరిగా మనమే పెట్టుకోవాల్సిన వెయ్యి రూపాయలు. ఇన్నాళ్లూ క్లెయిమ్ లేకుండా పెరుగుతూ వచ్చిన బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు కూడా పోతుంది, మళ్లీ క్లెయిమ్ లేని ఏడాది గడిచాకే 20 శాతం దగ్గర మొదలు. పని బంపర్, ఫెండర్‌తో సరిపోతే చేతి డబ్బు పెట్టుకోవడమే మేలు. ఛాసిస్ కదిలితే మాత్రం ఆలోచించకుండా క్లెయిమ్ పెట్టు.

ఇక షెడ్డు. ఆటోనగర్ వెళ్తే ప్రతి గేటు దగ్గరా ఒకడు నీ బండి చుట్టూ తిరిగి రేటు చెప్పేస్తాడు. వాళ్లను అడగకు. రంగులు కలిపి అమ్మే షాపుకి వెళ్లి, పెద్దాయన ఎవరైనా ఉంటే, ‘మీ సొంత బండి అయితే ఎవరికిస్తారు’ అని అడుగు. ఎవడు మంచి క్లియర్‌కోట్ (రంగు మీద వేసే మెరుపు పూత) కొంటాడో, ఎవడు చవక థిన్నర్‌తో సరిపెడతాడో ఆయనకు తెలుస్తుంది. టాక్సీ డ్రైవర్లు చెప్పేది చవక షెడ్డు. వాళ్లకు బండి త్వరగా రోడ్డెక్కడం ముఖ్యం.

రంగుల షాపు పెద్దాయన చెప్పిన షెడ్డుకి పగటిపూటే వెళ్లు. పని అయిపోయిన బండి ఒకటి ఉంటుంది. దాని డోర్ రబ్బరు మీద రంగు తుంపర్లు ఉన్నాయేమో చూడు. ఉన్నాయంటే మాస్కింగ్‌కి, అంటే రంగు పడకూడని చోట్లు కప్పడానికి బద్ధకించారని. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఛాసిస్ లాగి సరిచేసే బెంచ్ ఉందా అని అడుగు. సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) మాత్రమే ఉన్నచోట నీ బండి పెట్టకు, మేస్త్రి ఎంత పనిమంతుడైనా సరే.

పుట్టీ (గుంటలు పూడ్చే పేస్టు) విషయంలో నేను ఒకసారి మోసపోయాను. సొట్ట లాగకుండా గుంటలో పుట్టీ నింపి, రంగేసి ఇచ్చారు. అద్దంలా ఉందని మురిసిపోయి, టిప్పు కూడా ఇచ్చాను. రెండో వానాకాలానికి పెచ్చు లేచింది. అప్పట్నుంచీ ఒకటే షరతు పెడతాను: ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కొట్టకముందు ఫోన్ చేయాలి, నేను వచ్చి చూడాలి. నువ్వూ అదే చెప్పు. ఒప్పుకోని వాడు ఎంత తక్కువకి చేస్తానన్నా వద్దు. బండి తెచ్చుకునేటప్పుడు ఫ్రిజ్ అయస్కాంతం గుడ్డలో చుట్టి తీసుకెళ్లి ఫెండర్ మీద పెట్టు. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టదు. బంపర్ మీద పెట్టి కంగారుపడకు, అది ప్లాస్టిక్.

ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకో. పార్టు రేటు, కూలీ, రంగు విడివిడిగా ఉండాలి. ఒరిజినలా, లోకలా అన్నదీ రాయమను. జీఎస్టీ 18 శాతం కలిపారో లేదో అప్పుడే తేల్చుకో. అడ్వాన్స్ పార్టులకు సరిపడా ఇస్తే చాలు. చేతి డబ్బుతో చేయిస్తే, తీసేసిన పాత పార్టులు డిక్కీలో పెట్టించుకో.

తెల్ల రంగేగా అనుకోకు, తెలుపు కలపడమే కష్టం. పాత డోర్ పక్కన కొత్త ఫెండర్ వేరుగా కనబడుతుంది. రంగు పక్క డోర్ మీదికి కాస్త పలచగా కలిసిపోయేలా కొట్టమను, పొద్దుటి ఎండలో చూసి తీసుకో. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ఇస్తామంటే రేపొస్తానని వచ్చెయ్. ఎయిర్‌బ్యాగ్ లైటు డాష్‌బోర్డు మీద వెలుగుతూ ఉంటే దాన్ని ఆర్పే చిట్కాలు చెబుతారు, వినకు. ఆ ఒక్క పనికి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లు.

మీ అమ్మకు బంపర్ పోయిందని మాత్రం చెప్పు. బానెట్ సంగతి నేను మెల్లిగా చెబుతాను.

మీ మావయ్య