ముఖంలో కనపడకపోతే నొప్పి లేనట్టేనా?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు, నల్గొండ జిల్లాలో గవర్నమెంట్ టీచర్. రెండేళ్ల కింద జీన్ టెస్ట్‌లో ఎఫ్‌ఎస్‌హెచ్‌డీ అనే కండరాల జబ్బని తేలింది. రాత్రయితే భుజాలు, నడుము ఒకటే నొప్పి అంటారు. చూసిన డాక్టరేమో ఈ జబ్బులో నొప్పులుండవన్నారు. మా అత్తయ్య "అంత నొప్పుంటే ముఖంలో తెలియదా" అంటారు. ఈయన రోజూ మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ తెచ్చుకుని వేసుకుంటున్నారు, పిల్లల మీద చిరాకు పడుతున్నారు. నాకూ ఒక్కోసారి అనుమానం వస్తోంది మేడం, ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ అనుమానం తీసేయండి. ఎఫ్‌ఎస్‌హెచ్‌డీలో నొప్పి ఉంటుంది, చాలామందికి ఉంటుంది, ఎక్కువగా భుజాలు, నడుము, కాళ్లలోనే. రెక్క ఎముకని వీపుకి పట్టి ఉంచే కండరాలు బలహీనమై ఎముక వెనక్కి పొడుచుకొస్తుంది, ఇక చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ భారమంతా మెడ కండరాల మీద పడుతుంది, పొట్ట కండరాలు తగ్గేసరికి నడుము లోపలికి వంగిపోతుంది. రోజంతా బోర్డు మీద రాసే మనిషి పరిస్థితి ఆలోచించండి. ఆయన చొక్కా తొడుక్కునేటప్పుడు ఒకసారి గమనించండి, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని పైకి లేపుతున్నారేమో.

మీ అత్తయ్య గారి మాటకొస్తే, ఈ జబ్బు ముఖం కండరాలని కూడా పడుతుందమ్మా. చాలామంది విజిల్ వెయ్యలేరు, స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగడం కూడా కష్టమవుతుంది, కొందరికి నిద్రలో కూడా కళ్లు పూర్తిగా మూసుకోవు. నవ్వినా నవ్వినట్టుండదు, బాధపడినా తెలియదు. మీకు చిరాకులా కనిపించేదాంట్లో కొంత అసలు చిరాకే కాకపోవచ్చు! అందుకే ముఖం చూసి లెక్క కట్టకండి, అడగండి. రాత్రి పడుకునే ముందు "ఇవాళ నొప్పి పదికి ఎంతుంది" అని ఒక్కసారి అడగండి చాలు, ఆయన ఎంత చెప్తే అంతే, దాని మీద బేరం వద్దు. నాన్న ముఖం అలా ఉంటే కోపమని కాదు అని పిల్లలకీ చెప్పండి, వాళ్లు ఈపాటికే భయపడుతుంటారు.

ఇంకొకటి, ఈ జబ్బు ఎక్కువగా తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, కొందరికే కొత్తగా పుడుతుంది. కొడుక్కి నిజంగా జబ్బే అని ఒప్పుకుంటే అది ఎవరి వైపు నుంచి వచ్చిందన్న మాట కూడా వస్తుంది కదా, పెద్దావిడ ఆ భయంతో కూడా కాదంటుండొచ్చు. ఇంట్లో వాదించకండి, ఈసారి హాస్పిటల్‌కి వెంట తీసుకెళ్లండి, డాక్టర్ నోటితో వినాలి. పిల్లలకి ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుంది కానీ లక్షణాలు లేని చిన్నపిల్లలకి మామూలుగా టెస్ట్ చెయ్యరు, తొందరపడకుండా ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి సలహా ఇచ్చేవాళ్లతో మాట్లాడండి.

ఆ రోజువారీ మాత్రలు మాత్రం నాకు భయంగా ఉంది. పొట్ట, కిడ్నీ రెండూ దెబ్బతినొచ్చు, పైగా కండరం తగ్గినవాళ్లకి కిడ్నీ కోసం చేసే క్రియాటినిన్ రక్త పరీక్ష ఎలాగూ తక్కువే చూపిస్తుంది, కాబట్టి ఆ రిపోర్ట్ నార్మల్ అని ధీమాగా ఉండకండి, కండరం మీద అంతగా ఆధారపడకుండా కిడ్నీ పనితీరు చెప్పే సిస్టాటిన్ సి టెస్ట్ గురించి అడగండి. హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజీలో గానీ బెంగళూరు నిమ్హాన్స్‌లో గానీ చూపించి, మేము నొప్పి కోసమే వచ్చాం అని గట్టిగా చెప్పండి, లేకపోతే బలం ఎంతుందో చూసి పంపేస్తారు. ఫిజియోథెరపీ అడగండి, రాత్రి చేతికింద దిండు ఎలా పెట్టుకోవాలో కూడా వాళ్లే చూపిస్తారు. పూర్తిగా మంచం పట్టడమూ వద్దు, జిమ్‌లో బరువులూ వద్దు. 2014లో నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్‌లో సైకిల్ ఎక్సర్‌సైజ్‌తోనూ, ఆలోచనలూ అలవాట్లూ మార్చే కౌన్సెలింగ్‌తోనూ ఈ జబ్బు ఉన్నవాళ్లకి నీరసం తగ్గింది. నిద్రలేక, ఎవరూ నమ్మక మనసు కూడా కుంగుతుంది, బతుకు మీద విరక్తి మాటలు వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి.

ఉద్యోగం గురించి మీరు రాయలేదు కానీ లోపల ఆయనకి ఆ బెంగ ఉండే ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది, ఎఫ్‌ఎస్‌హెచ్‌డీ అందులో ఒక రకమే, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని గవర్నమెంట్ ఉద్యోగిని తీసెయ్యడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకి అప్లై చేయించండి. కింద అంతస్తులో క్లాసు, కూర్చుని చెప్పడానికి కుర్చీ, ఈ రెండూ జూన్‌లో బడి తెరిచేలోపే హెచ్‌ఎం గారిని అడగమనండి.