సీల్ చేయించాలా, చదవాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మావారు ఇక్కడ ఓ గరాజ్ సేల్‌లో పాత కామిక్స్ డబ్బా ఒకటి కొన్నారు, అందులో 'బ్లేజింగ్ కంబాట్' అని 1966 జనవరి సంచిక ఉంది, అన్నీ యుద్ధం కథలే. ఫ్రెండ్సేమో గ్రేడింగ్‌కి, అంటే కామిక్ ఎంత బాగా ఉందో చూసి మార్కులేసే కంపెనీకి పంపి, ప్లాస్టిక్‌లో సీల్ చేయించి అమ్మేయండి అంటున్నారు. తొమ్మిదో క్లాసు చదివే మావాడు మాత్రం చదువుతానని పట్టుబట్టాడు, వాడికి తుపాకుల గేములంటే పిచ్చి. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: చదవనివ్వండి. మీరూ పక్కన కూర్చోండి. అది ఆ పత్రిక రెండో సంచిక, అందులో 'ల్యాండ్‌స్కేప్' అని ఒక కథ ఉంటుంది, ఆర్చీ గుడ్విన్ రాశాడు, జో ఓర్లాండో బొమ్మలేశాడు. వియత్నాంలో వరి పండించుకునే ఓ ముసలాయన కథ. ఆయన ఏ పక్షమూ కాదు, గెరిల్లాలొచ్చినా సర్కారు సైన్యమొచ్చినా ఆయన ధ్యాసంతా తన మడి మీదే, చివరికి సైనికులు ఆ పొలానికే నిప్పు పెడితే ఆపబోయి ప్రాణాలు పోగొట్టుకుంటాడు. పంట ఇంటికి చేరేదాకా రైతు ప్రాణం ఎంత కొట్టుకుంటుందో చూసినవాళ్లం కదా మనం, ఆ పేజీ తిప్పబుద్ధి కాదు. గేముల్లో ఇలాంటి ముసలాయన ఎక్కడా కనపడడు, అందుకే మీవాడు చదవాలంటున్నా.

ఇది వచ్చిన టైం కూడా చూడండి, 1965లో అమెరికా పెద్ద ఎత్తున సైన్యాన్ని వియత్నాం పంపుతోంది, సరిగ్గా అప్పుడు 35 సెంట్ల పత్రికలో ఈ కథ వేశారు. సైనిక స్థావరాల్లోని షాపులు అమ్మం పొమ్మన్నాయి, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం వ్యతిరేకించింది, డిస్ట్రిబ్యూటర్లు కట్టలు విప్పకుండానే వెనక్కి పంపారట, దాంతో నాలుగు సంచికలకే ఆగిపోయింది. ప్రచురించిన జేమ్స్ వారెన్‌కి, రాసిన గుడ్విన్‌కి ఎంత ధైర్యం ఉండాలండీ! ఇప్పుడు చాలామంది ఫ్రాంక్ ఫ్రాజెటా వేసిన కవర్ కోసమే వెతుక్కుని కొంటున్నారు, కవర్ అద్భుతమే, కానీ సీల్ చేస్తే లోపలి పేజీ ఇంకెవరూ చూడరు, నాకు బాధ అక్కడే.

జాగ్రత్తలంటారా, చేతులు శుభ్రంగా తుడుచుకుని టేబుల్ మీద పెట్టి మెల్లగా తిప్పండి, చిరుగులుంటే సెల్లోటేప్ మాత్రం అస్సలు వెయ్యకండి, చదివాక మ్యాగజైన్ సైజు మైలార్ (పారదర్శక ప్లాస్టిక్) కవర్లో, వెనక యాసిడ్ లేని అట్ట పెట్టి ఎండా తేమా తగలని చోట నిలువుగా ఉంచండి. మిగతా కథలు కూడా కావాలని వాడడిగితే, నాలుగు సంచికలూ కలిపి ఫాంటాగ్రాఫిక్స్ వాళ్లు 2009లో ఒకే పుస్తకంగా వేశారు, లైబ్రరీలో అడిగి చూడండి.